నీళ్లలోని విషాన్ని ఫొటో తీసేదెలా? నల్లగొండ, పాలమూరు ఉద్యమాల ఫొటోగ్రాఫర్ల బతుకు

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో దశాబ్దాల పాటు జనం తాగిన బోరునీళ్లను గాజుగ్లాసులో పోసి ఫొటో తీస్తే అందులో ఏమీ కనిపించదు. నీళ్లు తేటగా ఉంటాయి. రంగు లేదు, వాసన లేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దును ఇక్కడి బోర్లు ఎప్పుడో దాటేశాయి. దాని ఫలితం మాత్రం ఒక్కరోజులో బయటపడదు. ముందు పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమరంగు గార. తర్వాత ఏళ్ల మీద కీళ్లు బిగుసుకుపోవడం, మెడ తిరగకపోవడం, నడుం వంగిపోవడం, దొడ్డికాళ్లు. నలభై ఏళ్లకే చేతికర్ర.

పత్రికా ఫొటోగ్రాఫర్‌కు చిక్కంతా ఇక్కడే ఉంది. ఫొటోకు ఒక సంఘటన కావాలి. లాఠీ లేవాలి, జనం పరుగెత్తాలి, ఎవరో కింద పడిపోవాలి. ఫ్లోరైడ్ విషయంలో అలాంటి క్షణమే లేదు. బాధితుడున్నాడు గానీ కొట్టినవాడు ఎదురుగా లేడు. పాలమూరు వలసలూ అంతే. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో ఊళ్లు పోగొట్టుకున్నవాళ్ల కథలో కూలగొట్టిన రోజులు కొన్నే, ఆ తర్వాతి ఎదురుచూపు నలభై ఏళ్లు దాటింది. దక్షిణ తెలంగాణలో జరిగిన అన్యాయాల్లో ఎక్కువ భాగం ఇలా నెమ్మదిగా జరిగినవే. వీటిని ఫొటోలో పట్టుకోవాలంటే అదే ఊరికి, అదే ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. మన పత్రికల ఏర్పాటు మాత్రం ఫొటోగ్రాఫర్‌కు ఒక్కసారి వెళ్లిరావడానికే డబ్బులిచ్చింది, అదీ అరకొరగా. ఈ ప్రాంతపు ఉద్యమాల ఫొటోచరిత్రలో ఉన్న పెద్ద వెలితికి అదే మూలం.

సంఘటన ఉన్నచోట

పౌరహక్కుల ఫొటోలనగానే ప్రపంచానికి గుర్తొచ్చేవి అమెరికాలోని బర్మింగ్‌హాంలో 1963 మే నెలలో తీసినవి. నల్లజాతి విద్యార్థుల మీద ఫైరింజన్ పైపులతో నీళ్లు కొట్టారు, పోలీసు కుక్కల్ని వదిలారు. చార్లెస్ మూర్ ఫొటోలు లైఫ్ పత్రికలో వచ్చాయి. బిల్ హడ్సన్ తీసిన కుక్క ఫొటో అసోసియేటెడ్ ప్రెస్ ద్వారా దేశమంతా తిరిగింది. మరుసటి ఏడాది జూలైలో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఫొటోల వల్లే చట్టం వచ్చిందంటే అతిశయోక్తి అవుతుంది. కానీ ఉద్యమ నాయకులకు కెమెరా విలువ బాగా తెలుసు. నగర పోలీసు వ్యవస్థను గుప్పిట్లో పెట్టుకున్న బుల్ కానర్ దురుసుగా ప్రవర్తిస్తాడని, అది లోకం చూస్తుందని అంచనా వేసుకునే మార్టిన్ లూథర్ కింగ్ బృందం ఆ ఊరిని ఎంచుకుంది. హోటల్లో కూర్చోనివ్వకపోవడం, ఓటు నమోదు కాకుండా ఏదో ఒక వంకతో తిప్పి పంపడం లాంటి రోజువారీ అవమానాలు ఫొటోకు సులువుగా అందవు. ఉద్యమం వాటిని వీధిలోకి తెచ్చి అందరి కళ్ల ముందు పెట్టింది.

అదే ఉద్యమాన్ని చిత్రీకరించిన ఫ్లిప్ షుల్కే చెప్పిన ఒక అనుభవం ఫొటోజర్నలిజం పాఠాల్లో తరచూ వస్తుంది. సెల్మాలో 1965లో పిల్లల్ని నెట్టేస్తుంటే చూడలేక ఆయన కెమెరా వదిలి అడ్డుపడ్డాడు. తర్వాత కింగ్ ఆయనతో అన్న మాటల సారం ఇది: నువ్వు ఫొటో తీయలేదు కాబట్టి ఆ పిల్లల్ని కొట్టిన సంగతి లోకానికి తెలియకుండా పోయింది. దీన్ని కెమెరా ఎన్నడూ దించకూడదనడానికి రుజువుగా చెప్తుంటారు. అంత తేలిగ్గా ఒప్పుకోదగ్గ విషయం కాదది. పక్కన కాపాడేందుకు వేరేవాళ్లున్నారా, తన చేయి పడితే ఆ ప్రాణం నిలుస్తుందా అన్నది ఆ క్షణంలో అక్కడున్న మనిషే తేల్చుకోవాలి.

తెలంగాణ ఉద్యమంలో ఈ ప్రశ్న నేరుగానే ఎదురైంది. ఉమ్మడి నల్లగొండ జిల్లా మోత్కూరు ప్రాంతం నుంచి వచ్చిన కాసోజు శ్రీకాంతాచారి 2009 నవంబరు 29న ఎల్బీనగర్‌లో ఒంటికి నిప్పంటించుకుని డిసెంబరు 3న చనిపోయాడు. ఆ దృశ్యం టీవీల్లో, పత్రికల్లో వచ్చింది. తర్వాత ఫ్లెక్సీల మీద, పోస్టర్ల మీద, క్యాలెండర్ల మీద ఏళ్ల తరబడి కనిపించింది. ఆ రోజు ఆ ఫొటో తీయడం విలేకరి బాధ్యతే. దాన్ని మళ్లీ మళ్లీ వేస్తూ పోవడం మాత్రం తప్పు. ఒక తల్లి కొడుకు చివరి క్షణాలు ప్రతి సభకూ అలంకారం కాకూడదు. పైగా, అలాంటి దారినే ఆలోచిస్తున్న కుర్రాళ్ల కళ్ల ముందు దాన్ని వేలాడదీయడం ప్రమాదం. అతను బతికున్నప్పటి మామూలు ఫొటో వాడితే గౌరవం ఏమాత్రం తగ్గదు.

ఆ ఉద్యమంలో ఫొటోగ్రాఫర్లకు సంఘటనలకు కొదవ లేదు. 2011 మార్చి 10 మిలియన్ మార్చ్, అదే ఏడాది 42 రోజుల సకల జనుల సమ్మె, 2012 సెప్టెంబరు 30 సాగరహారం. భాష్పవాయువులో కళ్లు మండుతూ, అటు పోలీసుల లాఠీకీ ఇటు ఆవేశంలో ఉన్న గుంపు రాళ్లకూ మధ్య నిలబడి తీసిన ఫొటోలవి. వాటి విలువను ఎవరూ తక్కువ చేయలేరు. కాకపోతే ఉద్యమమంటే అదొక్కటే అనుకుంటే మర్రిగూడ కనిపించదు.

సంఘటన లేనిచోట

ఫ్లోరైడ్ మీద పోరాడినవాళ్లకు ఈ సంగతి అందరికంటే ముందు అర్థమైంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. జల సాధన సమితి పిలుపుతో రైతులు, యువకులు కుప్పలుగా నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఎన్నిక వాయిదా వేయాల్సి వచ్చింది. నల్లగొండ నీళ్ల గోస మీద అంతవరకు ఒక్క వాక్యం రాయని పత్రికలు ఆ బ్యాలెట్ ఫొటో వేశాయి. అదే ఏడాది పార్లమెంటు చట్టం మార్చి లోక్‌సభ జనరల్ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. నీళ్లడిగితే డిపాజిట్టు పెంచారని నల్లగొండ బాధపడిందంటే అందులో న్యాయం ఉంది.

రెండో సందర్భం 2003 నాటిది. సమితి నాయకుడు దుశర్ల సత్యనారాయణ మర్రిగూడ మండలం శివన్నగూడెంకు చెందిన అంశల స్వామి అనే పిల్లవాడిని ఢిల్లీ తీసుకెళ్లి, ప్రధాని వాజ్‌పేయి ముందు టేబుల్ మీద పడుకోబెట్టారు. కాళ్లూ చేతులూ వంకర్లు తిరిగిన, ఎదగని ఆ ఒళ్లే వినతిపత్రమైంది. నివేదికల్లోని మిల్లీగ్రాముల లెక్క చేయలేని పని ఆ దృశ్యం చేసింది.

కానీ దానికి స్వామి చెల్లించిన మూల్యం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. అప్పటి నుంచి నల్లగొండ ఫ్లోరైడ్ అంటే స్వామి ఫొటోయే. ఎన్నికలొస్తే ఆ ఫొటో, పథకం మొదలైతే ఆ ఫొటో, పథకం ఆగిపోతే ఆ ఫొటో. 2022 మునుగోడు ఉపఎన్నికప్పుడు కేటీఆర్ ఆ ఇంటికి భోజనానికి వెళితే మళ్లీ కెమెరాలు వెళ్లాయి. 2023 జనవరిలో, ముప్పై రెండేళ్ల వయసులో స్వామి చనిపోయాడు. అప్పుడూ పత్రికల్లో అదే ఒళ్లు, అదే వంకర కాళ్లు. అతనికి ఒక ఆలోచన ఉంది, మాట ఉంది, బాధితుల తరఫున అడిగే గొంతు ఉంది. ఫొటోల్లో అవి కనిపించిన సందర్భాలు చాలా తక్కువ.

జపాన్‌లో మినమాటా దగ్గర ఇలాంటిదే జరిగింది. చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా జనం ఒళ్లలోకి చేరింది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్, ఆయన భార్య ఐలీన్ 1971 నుంచి 1974 దాకా అక్కడే ఇల్లు తీసుకుని ఉన్నారు. 1972 జనవరిలో కంపెనీ మనుషులు కొట్టిన దెబ్బలకు స్మిత్ చూపు దెబ్బతింది. పుట్టుకతోనే ఆ విషానికి బలైన కూతురికి తల్లి స్నానం చేయిస్తున్న ఫొటో 1972లో లైఫ్‌లో వచ్చి ప్రపంచాన్ని కదిలించింది. కూతురు చనిపోయాక కూడా ఆ ఫొటో పుస్తకాల్లో, ప్రదర్శనల్లో తిరుగుతూనే ఉండటం తల్లిదండ్రులకు భారమైంది. ఇక మా బిడ్డకు విశ్రాంతినివ్వండని వాళ్లు కోరితే, 1998లో ఐలీన్ ఆ ఫొటో మీద నిర్ణయాధికారాన్ని వాళ్లకే ఇచ్చేసింది. మరో ఫొటోగ్రాఫర్ ఆ పని చేసేవాడో లేదో గానీ, మూడేళ్లు ఆ ఊళ్లో బతికి, వాళ్ల గుమ్మంలో కూర్చున్న మనిషి కాబట్టే ఆమెకు ఆ మాట వినిపించింది. నల్లగొండలో ఫొటో తీయించుకున్న కుటుంబాలకు అలా అడిగే దారే లేదు. తీసినవారెవరో తెలియదు, ఫొటో ఎవరి చేతిలో ఉందో అంతకన్నా తెలియదు.

ఇంకో రకంగా తీయొచ్చా? తీయొచ్చు. ఎముకల ఫ్లోరోసిస్‌ను ఊళ్లో గుర్తించడానికి వైద్యబృందాలు మూడు సులువైన పరీక్షలు చేయిస్తాయి. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ తల వెనక పెట్టుకోవడం. ఒక రైతు కాలివేళ్లను అందుకోబోయి మోకాలి దగ్గరే ఆగిపోయిన క్షణాన్ని తీస్తే, ఆ నీళ్లు అతని దగ్గర ఏం లాక్కున్నాయో తెలిసిపోతుంది. మళ్లీ రెండేళ్లకు అదే మనిషి అదే పరీక్ష చేస్తుంటే తీయాలి. అక్కడ కనిపించేది వికృతమైన ఒళ్లు కాదు, పనిచేసుకునే మనిషి నుంచి పోతున్న కదలిక. అలాగే ఇంటి లోపలి సంగతి. జిల్లాల్లో పత్రికా ఫొటోగ్రాఫర్లు దాదాపు అందరూ మగవాళ్లే కావడంతో, నడుం బిగుసుకుపోయిన ఆడమనిషి పొయ్యి ముందు ఎలా కూర్చుంటుంది, కాన్పు ఎలా అయింది అన్నవి ఫొటోల దాకా రానేలేదు. అరుగు మీద కూర్చున్న వృద్ధుల దగ్గరే కెమెరా ఆగిపోయింది.

పెళ్లి రోల్‌లో మిగిలిన ఫ్రేములు

అసలు ఎవరీ ఫొటోగ్రాఫర్? హైదరాబాద్‌లో నెలజీతం తీసుకునే స్టాఫ్ ఫొటోగ్రాఫర్ మర్రిగూడకు ఏడాదికోసారి వస్తే గొప్ప. మిగతా రోజుల్లో ఉండేది మండల కేంద్రంలో ఫొటో స్టూడియో నడుపుకునే మనిషి. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, రేషన్‌కార్డు ఫొటోలు అతని బతుకుతెరువు. పత్రికకు స్ట్రింగర్, అంటే నెలజీతం లేకుండా అచ్చయినదానికి మాత్రమే డబ్బు అందుకునే మనిషి. రోల్‌లో 36 ఫ్రేములుంటే పెళ్లికి ముప్ఫై పోను మిగిలిన ఆరు ధర్నాకు. రాత్రి స్టూడియో వెనక డార్క్‌రూంలో కడిగి, తడి ఆరకముందే ప్రింటు వేసి, వార్తతో పాటు కవర్లో పెట్టి, హైదరాబాద్ వెళ్లే ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికివ్వాలి. అక్కడ బస్టాండులో పత్రిక మనిషి వచ్చి తీసుకోవాలి. బస్సు తప్పితే ఫొటో మురిగిపోయినట్టే. ఒకసారి వెళ్లిన ప్రింటు వెనక్కి వచ్చేది కాదు.

ఆ కవర్లో ఫొటో వెనక అంటించిన రైటప్ దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేది: ఫలానా మండలంలో ఫ్లోరోసిస్‌తో బాధపడుతున్న వృద్ధురాలు. పేరుండదు, ఊరు ఉంటే ఉంటుంది. తారీఖు పత్రికదే తప్ప ఫొటో తీసిన రోజుది కాదు. ఫ్లోరోసిస్ ఫొటోకు అసలు ప్రాణం పేరు, వయసు, ఏ బోరు నీళ్లు, ఎన్నేళ్లుగా అన్న నాలుగు ముక్కల్లో ఉంటుంది. అవి లేకపోతే రేపు ఏ కమిషన్ ముందు పెట్టినా అది జాలి కలిగించే బొమ్మగా మిగులుతుందే తప్ప సాక్ష్యంగా నిలవదు.

1989లో ఈనాడు జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టింది, మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. దీంతో స్థానిక ఫొటోలకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. మండలానికో విలేకరి, ఊరి ఫొటో రోజూ పేజీలో. ఇది మేలే. అయితే దాని వెంటే ఓ కీడు కూడా వచ్చింది, దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. మర్రిగూడ ఫొటో నల్లగొండ జిల్లా పేజీలోనే ఉండిపోయింది. చూసింది నల్లగొండ జనమే, వాళ్లకు ఆ సంగతి ముందే తెలుసు. సచివాలయంలో ఫైలు మీద సంతకం పెట్టాల్సిన అధికారి ఇంటికొచ్చే హైదరాబాద్ ఎడిషన్లో ఆ ఫొటో లేదు. పాలమూరు వలసబస్సు ఫొటో నల్లగొండకు కూడా అందలేదు. పక్కపక్క జిల్లాల్లో ఒకే రకం అన్యాయం నడుస్తుంటే, ఒకరి బాధ ఒకరికి కనిపించకుండా ఎడిషన్ల హద్దులు అడ్డుపడ్డాయి.

డబ్బు సంగతి సరేసరి. లైన్ అకౌంట్ అనే లెక్క ఉండేది, అచ్చయిన వరుసలకూ ఫొటోలకూ కట్టిచ్చే మొత్తం. అచ్చు కాని ఫొటోకు రోల్ ఖర్చు, పెట్రోలు ఖర్చు సొంత జేబులోంచే. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం న్యూస్ ఫొటోగ్రాఫర్‌ను పాత్రికేయుడిగా పేరుపెట్టి గుర్తించింది. కానీ పత్రికా పనే అతని ప్రధాన వృత్తి అయి ఉండాలని అందులోనే ఉండేది. పత్రిక ఇచ్చే డబ్బుతో ఇల్లు గడవక స్టూడియో పెట్టుకున్న మనిషికి, స్టూడియో ఉందన్న కారణంతోనే ఆ రక్షణ అందలేదు. ఇలాంటి మనిషిని అదే ఊరికి పదిసార్లు వెళ్లి ఫ్లోరోసిస్ కుటుంబాన్ని ఎందుకు తీయలేదని అడగడం అన్యాయం. అంతా కలిసొచ్చినా అతను వెళ్లింది తన సొంత పట్టుదలతోనే.

అమెరికాలో విద్యార్థి ఉద్యమ సంస్థ ఎస్ఎన్‌సీసీ ఈ సమస్యను ఇంకోలా పరిష్కరించుకుంది. 1962లో డానీ లయన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడిని తన సొంత ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకుంది. అతని ఫొటోలతో పోస్టర్లు వేసింది. మన ఉద్యమాలు పాటకు దళాలు కట్టాయి, కరపత్రానికి కమిటీలు వేశాయి. ఫొటోను మాత్రం పత్రికలవాళ్ల పనిగా వదిలేశాయి.

ఖాళీగా ఉన్న పేజీలు

అడ్వాన్సు ఇచ్చి కూలీలను గుంపులుగా దూరపు పనులకు తీసుకెళ్లే పాలమూరు గుంపు మేస్త్రీల వలసకు ఫొటోలు లేవని కాదు. సంచులు, సత్తు గిన్నెలు, చంకలో పిల్లలతో బొంబాయి బస్సు ఎక్కే ఫొటో ప్రతి ఎండాకాలం వస్తుంది. మహబూబ్‌నగర్, నారాయణపేట, కోస్గి బస్టాండ్లు ఆ ఫొటోకు స్థిరమైన చిరునామాలు. బస్సు కదిలాక ఏమైంది? ఊళ్లో తాళం పడిన ఇల్లు, దాని అరుగు మీద ముసలమ్మతో మిగిలిన పిల్లలు, పనిచోట పట్టాలు కప్పిన గుడారం, అడ్వాన్సు తీరక మేస్త్రీ దగ్గర ఇరుక్కున్న కూలీ. ఇవి బస్టాండు నుంచి కనిపించవు. దేశంలో ఎన్నో డ్యాములకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీ సొంత ఫొటో ఏ ప్రాజెక్టు శిలాఫలకం దగ్గరా లేదు.

శ్రీశైలం ముంపు ఇంకా బాధాకరం. కృష్ణకు రెండు వైపులా, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. 1981లో ఇళ్లు బలవంతంగా కూలగొట్టారు. ఇల్లు పోయినవాళ్ల కుటుంబాలకు ఉద్యోగాలిస్తామంటూ 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. కొల్లాపూర్ వైపు ఇప్పటికీ 98 జీవో అంటే చాలు, అందరికీ తెలుస్తుంది. ఆ జీవో కింద అర్హత నిరూపించుకోవడానికి కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ల జుట్టు నెరిసింది. కూలగొట్టక ముందు ప్రతి ఇంటి ముందు ఆ కుటుంబాన్ని నిలబెట్టి ఒక్క ఫొటో తీసి ఉంటే, వెనక పేరు రాసి ఉంటే, వాళ్ల చేతిలో ఒక ఆధారం ఉండేది. అలా ఇంటింటికీ తిరిగి తీయించాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ రాలేదు. గుళ్లను రాయి రాయి విప్పి వేరేచోట తిరిగి కట్టినంత శ్రద్ధ మనుషుల ఇళ్ల మీద పెట్టలేదు.

భయం సంగతి కూడా చెప్పుకోవాలి. 1999 మేలో భువనగిరి గాయని బెల్లి లలితను, 2000 నవంబరులో పౌరహక్కుల సంఘం నాయకుడు పురుషోత్తంను, 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో అదే సంఘానికి చెందిన ఆజం అలీని హత్య చేశారు. మాట్లాడినందుకు మనుషుల్ని చంపుతున్న కాలంలో నిజనిర్ధారణ కమిటీ వెంట కెమెరా పట్టుకుని ఊళ్లోకి వెళ్లడం అంటే మామూలు విషయం కాదు. ఫొటో కోర్టుకెక్కితే తీసిన మనిషి బోనెక్కాలి, నెగటివ్ చూపాలి. కుటుంబంతో చిన్న పట్టణంలో బతికే స్టూడియో ఫొటోగ్రాఫర్‌కు అది ప్రాణసంకటం. మరోవైపు ధర్నా ఫొటోలో ఎవరెవరున్నారో తెలుసుకోవాలని పోలీసులకూ ఉంటుంది. మెంఫిస్‌లో పౌరహక్కుల ఉద్యమాన్ని దగ్గర్నుంచి తీసిన ఎర్నెస్ట్ విథర్స్ ఎఫ్‌బీఐకి సమాచారం ఇచ్చేవాడని, ఆయన చనిపోయిన మూడేళ్లకు, 2010లో బయటపడింది. ఉద్యమకారులు ఇంట్లోకి రానిచ్చిన మనిషి ఆయన. ఫొటోగ్రాఫర్‌ను నమ్మి జనం ముఖం చూపిస్తారు కాబట్టి నెగటివ్ ఎవరి చేతికి పోతుందన్నది ఫొటో ఎలా వచ్చిందన్నదానికంటే పెద్ద ప్రశ్న.

పెట్టెల్లో మూలుగుతున్న నెగటివ్‌లు

తుపాకులు పట్టిన మహిళల ఫొటో ఒకటి తెలంగాణ సాయుధ పోరాటానికి గుర్తుగా ప్రతి సభలో కనిపిస్తుంది. చాలాచోట్ల కింద తీసినవారి పేరుండదు. ఇప్పటి ఫొటోలకూ ఫైల్ ఫొటో అన్న రెండు మాటలే మిగులుతున్నాయి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరుగా లేకపోతే, పత్రికలో ఉద్యోగి తీసిన ఫొటోను పత్రికలో ప్రచురించుకునే హక్కు యజమానిది, మిగతా హక్కులు తీసినవాడివే. 2012 సవరణ తర్వాత ఫొటో మీద హక్కు తీసినవాడు చనిపోయాక కూడా 60 ఏళ్లుంటుంది. తమ నెగటివ్‌లకు ఇంత చట్టబలం ఉందని చాలామంది స్ట్రింగర్లకు ఎవరూ చెప్పలేదు. పత్రిక మూతపడితే ప్రింట్లు చిత్తుకాగితాల్లోకి పోయాయి. స్టూడియోలు డిజిటల్‌కు మారినప్పుడు నెగటివ్‌లు అట్టపెట్టెల్లో అటకెక్కి బూజుపట్టాయి. డిజిటల్ వచ్చాక పరిస్థితి మెరుగైందనుకోవడం పొరపాటు. వాట్సాప్‌లో పంపిన ఫొటో సైజు తగ్గిపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలు ఊడిపోతాయి. హార్డ్ డిస్క్ ఒకటి చెడితే పదేళ్ల ఉద్యమం పోతుంది.

వరంగల్‌కు చెందిన భరత్ భూషణ్ పత్రికల్లో పనిచేస్తూనే తెలంగాణ ఊళ్లను, బతుకమ్మలను, ఇంటి తలుపులను, పనిచేసే ఆడవాళ్లను దశాబ్దాల పాటు తీశారు. ఏళ్ల తరబడి క్యాన్సర్‌తో పోరాడుతూ కూడా ఆపలేదు. 2022 జనవరిలో చనిపోయారు. వార్త అయిపోయాక కూడా ఊరికి మళ్లీ వెళ్లిన మనిషి అని ఆయన పనిని చూస్తే తెలుస్తుంది. నల్లగొండ, పాలమూరులలో అలా వెళ్లినవాళ్లు మండలానికొకరైనా ఉంటారు. జిల్లా గ్రంథాలయాలు వాళ్ల నెగటివ్‌లను స్కాన్ చేయించి, ఆ మనిషి బతికుండగానే పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి ఫొటోకు పేరు, ఊరు, ఏడు రాయించుకుంటే అది పెద్ద ఖర్చున్న పని కాదు. ఆలస్యమైతే మాత్రం ఎంత డబ్బు పెట్టినా ఆ వివరాలు దొరకవు.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకున్నారు. దేశంలోని కెమెరాలన్నీ వారాల పాటు అక్కడే ఉన్నాయి, ఉండాల్సిందే. ఇద్దరి మృతదేహాలే బయటికొచ్చాయి. ఒకప్పుడు పాలమూరు కూలీలు బయటి రాష్ట్రాలకెళ్లి సొరంగాలు తవ్వారు. ఇక్కడ చనిపోయినవాళ్లు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. దాదాపు 44 కిలోమీటర్ల ఆ సొరంగం ఏ నీళ్ల కోసం, ఏ ఊళ్ల కోసం మొదలైందో చూపించిన ఫొటోలు ఆ వారాల్లో చాలా అరుదు. అది కృష్ణా నీళ్లను నల్లగొండ ఫ్లోరైడ్ పల్లెలకు తేవాల్సిన సొరంగం.

ఇప్పుడు ఆ పల్లెల్లో తీయాల్సిన ఫొటో ఇంకొకటుంది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో వేశారు. 2020 నాటికి ఫ్లోరైడ్ ప్రభావిత ఆవాసాలు సున్నాకు వచ్చాయని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇది ఎంతవరకు నిజమో పిల్లల పళ్లు చెప్తాయి. శాశ్వత దంతాల పింగాణి పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల లోపు తయారవుతుంది. ఆ వయసులో తాగిన నీళ్ల జాడ జీవితాంతం పంటి మీద ఉంటుంది, తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా పోదు. నల్లా వచ్చాక పుట్టిన పిల్లలకు ఇప్పుడు ముందుపళ్లు వచ్చేశాయి. 1990లలో మర్రిగూడ బడుల్లో పిల్లల పళ్లను తీసిన ఫొటోగ్రాఫర్ ఎవరైనా అదే బడికి వెళ్లి, తల్లిదండ్రుల్ని అడిగి, అదే తరగతిని మళ్లీ తీస్తే, ఊరూ పేరూ రాసి రెండూ పక్కపక్కన వేస్తే, ఏ ఊళ్లో గార పోయిందో, ఏ ఊళ్లో నల్లా రాక ఇంకా బోరే తాగుతున్నారో తేలిపోతుంది. పాత నెగటివ్ ఎవరి దగ్గరుందో ముందు వెతకాలి.